సన్నగొట్టం తుపాకీ

"మనిషి పోయి నెల తిరగలేదు. అప్పుడే ఆయన తుపాకీ వదిలించుకోవడానికి వచ్చావా వదినా?"

ఆర్విల్ అలా అంటాడని లూడీకి తెలుసు. దుప్పటి విప్పి, భర్త హోబర్ట్ చెకుముకి తుపాకీని ఆర్విల్ కొట్లో బల్ల మీద పెట్టింది. డెబ్బై దాటిన మనిషి. అంత బరువు మోసుకుంటూ వానలో కొండ దిగి వచ్చిందేమో, నొప్పెట్టిన భుజం రుద్దుకుంటూ నిలబడింది.

"వదిలించుకోవడం కాదు, మార్పిడి. ఇది తీసుకుని ఒక సన్నగొట్టం తుపాకీ ఇవ్వు. అదీ చెకుముకిదే కావాలి. పైన ఏమైనా పడితే ఇవిగో, గుడ్లమ్మిన డబ్బులు."

రుమాలు ముడి విప్పి నలిగిన డాలర్లు పక్కన పెట్టింది. ఆర్విల్ వాటివైపు చూడనైనా లేదు. ఆ తుపాకీ చేసింది అతనే. దాంతో హోబర్ట్ కెంటకీ కొండల్లో గెలవని గురిపోటీ లేదు. తుపాకులు చేసేవాడికి తన చేతి పని మీద బిడ్డమీదున్నంత మమకారం ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చి బల్లమీద పడేస్తే ఒళ్ళు మండదా మరి?

"శనివారం అందరం మైదానంలో చేరుతున్నాం. మరిచిపోయావా?" అన్నాడు. "పోయినవాడి బూడిద వాడి తుపాకీలోనే పోసి, అది అయిపోయేదాకా వంతులవారీగా కొండల మీదికి పేల్చి సాగనంపడం మనవాళ్ళ ఆనవాయితీ. ఒక్కో పేలుడికి తుపాకీ మందు ఎంత పోస్తే బూడిదా అంతే. మా నాన్ననీ అలాగే పంపాం. హోబర్ట్ బూడిద సగం చర్చి దొడ్లో పూడ్చి, మిగతా సగం డబ్బాలో పోసి నీ చేతికిచ్చింది అందుకే కదా?"

"అందుకే."

"మరి?"

"చిన్నవి చూపించు ఆర్విలూ."

ఆర్విల్ గోడమీది తుపాకీ ఒకటి దించి, ఠపీమని ఆమె ముందు పెట్టాడు.

"ఇది జింకల తుపాకీ. ఎవడో తాకట్టు పెట్టి మళ్ళీ మొహం చూపించలేదు. చవగ్గా వస్తుంది."

"మందెంత పడుతుంది?"

"హోబర్ట్ దానికి పట్టేదాంట్లో ముప్పాతిక."

"వద్దు."

ఇంకోటి దించాడు. "దీనికి సగం చాలు."

"ఇంకా సన్నది లేదా?"

"సన్నవాటికే ధరెక్కువ వదినా. సన్న గొట్టం తొలచడమే పెద్ద పని. హోబర్ట్ దాని గొట్టం అరిగిపోయింది, దానికి పెద్దగా రాదు. ఈ డబ్బుతో కొత్తది కుదరదు." కాసేపు గొణుక్కుని, మూలనుంచి ఒక వంకర తుపాకీ తీశాడు. "ఇదొకటుంది. పిడి విరిగితే రేకు చుట్టి అతికాను. ఉడతలకు తప్ప దేనికీ పనికిరాదు. ఆ ఉడతలు కూడా నవ్వుకుంటూ పోతాయి."

"దీనికెంత పడుతుంది?"

"రెండు చిటికెలు."

లూడీ పెదవులు మెల్లగా కదిలాయి. ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది. ఆ లెక్క తేలాక, ఇన్నాళ్ళుగా చిన్నబోయి ఉన్న మొహం కాస్త తేటపడింది.

"ఇది ఇచ్చెయ్యి," అంది.

ఇక ఆర్విల్ పట్టలేకపోయాడు. "ఉడతల కూర మీద అంత మోజు పుట్టిందా నీకు? బంగారం లాంటి తుపాకీ పెట్టుకుని ఈ పుల్ల పట్టుకెళ్తావా? శనివారం అందరూ వచ్చి నిలబడితే వాళ్ళకి నేనేం చెప్పాలి? హోబర్ట్‌ని దేంతో సాగనంపమంటావు?" మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతనికీ హోబర్ట్ తోడబుట్టినవాడి లాంటివాడే.

లూడీ ఆ వంకర తుపాకీని గుండెకు ఆనించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"దాంట్లో పోస్తే మీ శనివారానికే అయిపోతాడు ఆర్విలూ," అంది. "దీంట్లో ప్రతి ఆదివారం రెండు చిటికెలు పోసి పేల్చుకుంటే, నేనున్నన్నాళ్ళూ వస్తాడు."