ఆఖరి స్లైడు

తమ్ముడు ఆ సాయంత్రం కూడా పాలగిన్నెతోనే స్నానం కానిచ్చాడు.

"అక్కా, మన నీలం బక్కెట్టు ఏమైంది? వారం నుంచి ఈ గిన్నెతో కుస్తీ పడుతున్నాను."

"ఎక్కడికి పోతుంది, వస్తుందిలే," అంది అక్క. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది. మండుటెండల్లోనూ స్వెట్టరు వేసుకునే మనిషి. ఏళ్ల తరబడి సర్వర్ల గదుల చలికి అలవాటుపడిన ఒళ్లు మరి. ఆఫీసు గోల ఇంటికి తేదు, సర్వర్ల పనని తప్ప తమ్ముడికీ ఏమీ తెలియదు. కుర్చీలో కూలబడి కాళ్లు చాపుకుంది.

తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చి ఎదురుగా పెట్టాడు. చాలాకాలం ఖాళీగా కూర్చున్నాక అద్దె సర్వర్లిచ్చే క్లౌడ్ కంపెనీలో దొరికిన ఉద్యోగం. ఇంకా ప్రొబేషనే. రేపు మేనేజరు ఒక క్లయింటుకు చూపించే స్లైడ్లు ఇతనే తయారుచేయాలి. బేరం కుదిరితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్లీ ఇంటికే. క్లయింటు పేరు మాత్రం ఆఫీసులో ఇతనికి చెప్పరు. పోటీవాళ్లకు పొక్కుతుందని వాళ్ల భయం.

"బస్సు టికెట్లు అమ్మేవాళ్లట. సొంత సర్వరు. సెలవులొస్తే పడకేస్తుంది, గదిలో ఏసీ కారుతుంది, అయినా వదలరట. ఒకే ఒక్క మనిషి దాన్ని కన్నబిడ్డలా సాకుతున్నారని అక్కడికెళ్లి చూసొచ్చిన మావాడు చెప్పాడు. ఎవరో పెద్దాయనై ఉంటాడు."

అక్క కళ్లు మూసుకుంది. "సొంత సర్వరు తీసిపారేసేది కాదురా. మన పొయ్యి మీద మన వంట. పక్కవాడి రద్దీ మనకు తగలదు. రోజూ ఒకేలా సాగే పనికి అదే మేలు."

"నువ్వు నా వైపా, ఆ పెద్దాయన వైపా?"

అక్క నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. "నీ వైపే, రాసుకో. సెలవుల్లో జనం ఎగబడితే ఒక్క పొయ్యి చాలదు. క్లౌడ్‌లో ఎన్ని కావాలంటే అన్ని వెలిగించుకోవచ్చు, రద్దీ తగ్గాక ఆర్పేయొచ్చు. ఒక మిషను చెడితే ఇంకోటి అందుకుంటుంది."

"ఇవన్నీ అందరూ చెప్పేవే. వాళ్లు కదలాలంటే ఏం చెప్పాలి?"

అక్క మెడ నొక్కుకుంది. తర్వాత మెల్లగా అంది: "ఆఖరి స్లైడులో ఒక్క ప్రశ్న పెట్టు. ఆ ఒక్క మనిషీ మంచాన పడితే మీ టికెట్లు ఎవరిస్తారు, అని."

తమ్ముడి ముఖం వెలిగింది. అంతలోనే చిన్నబోయింది.

"పాపం, ఆయన్ని పంపేస్తారేమో కదక్కా?"

"పంపేస్తారు. ఇకనైనా కంటినిండా నిద్రపోతాడు. నువ్వు టైపు చెయ్యి."

మర్నాడు మధ్యాహ్నం బేరం కుదిరిందని తమ్ముడు ఫోన్ చేసేసరికి, అక్క తన సర్వర్ గదిలో కారుతున్న ఏసీ కింద నుంచి నీలం బక్కెట్టు తీసి, ఇంటికి తీసుకెళ్లడానికి ఖాళీ చేస్తోంది.