రెండో గిలక

ఖరగ్‌పూర్ ఐఐటీలో ఇంజినీరింగ్ చదువుతున్న స్తుతి 2004 వేసవిలో సొంతూరు కవిటి వచ్చింది. కిడ్నీలు పాడై నిరుడు పోయిన నాన్న తాగిన బావి నీళ్లు ల్యాబ్‌కి పట్టుకెళ్లాలి. పగలు జనం తోడితే అడుగు కదిలి నీళ్లు బురదవుతాయి. అందుకే చీకటి పడ్డాక ఒక్కతే వెళ్లింది.

ఇంటి ముందున్న ఆ బావికి రెండు గిలకలు. అవతలిది ఎప్పుడూ నాన్నదే. నీళ్లకొచ్చిన ప్రతివాళ్లకీ, "మా పాప ఐఐటీల సదువుతంది, తెలుసునేటి?" అనేవాడు.

స్తుతి ఖాళీ సీసా ఒకటి అవతలి గట్టు మీద పెట్టి, ఇంకోటి నింపుకుంది.

అవతలి గిలక కిర్రుమంది. దానికి తాడు లేదు.

"నాన్నా, ఈ నీళ్లల్ల ఏటుందో నాను తేల్సేత్తాను," అంది.

గిలక ఆగింది, వింటున్నట్టు. మళ్లీ తిరిగింది. లోపల నీళ్లు చప్పుడు చేశాయి.

ఇంట్లోంచి అమ్మ కేకేసింది. "ఎవులతోనే మాటలు?"

స్తుతి గిలక వైపు వెళ్లింది. అవతలి గట్టు మీద సీసా మెడ దాకా నిండి ఉంది.

నీళ్లు తోడినవారి పేరు సీసా మీద రాయడం ల్యాబ్ పద్ధతి. మొదటి సీసా మీద తన పేరు రాసుకుంది. రెండోదాని మీద గుండ్రటి అక్షరాలతో నాన్న పేరు రాసింది: సాల్మన్ రాజు.