గేరు పక్కన గీతలు

“ఒప్పుకో. ‘నేనే గీశాను’ అని ఒక్క మాట అను. తాళాలు నీ చేతిలో పెడతాను.”

కారు పాలిష్ షాపు ముందు ఆగిందో లేదో ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. పక్క సీట్లో భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నెల రోజులుగా ఇంట్లో ఇదే పాట. అసలు కారు కొన్నదే ఆమె ఆఫీసుకు వెళ్ళిరావడానికి. గేరు చుట్టూ అద్దంలా మెరిసే నల్లటి పలక మీద గీతలు కనబడిన రోజు నుంచి తాళాలు ఆయన జేబులో, ఆమె బస్సులో.

“గీయనిది గీశానని ఎలా ఒప్పుకోమంటారు?”

“మరి ఎవరు గీశారు, దెయ్యాలా? ఈ సీట్లో కూర్చునేది మనిద్దరమే. నేనైతే పువ్వులా చూసుకుంటాను. నువ్వేమో అంత రాయి ఉంగరం పెట్టుకుని గేరు మారుస్తావు. గీతలు పడక పూలు పూస్తాయా?”

“ఉంగరం తియ్యమన్నారు, తీశాను. పెళ్ళినాటి ఉంగరం పర్సులో పడేసుకుని తిరుగుతున్నాను. బండి కూడా మీరే తీసుకున్నారు. అయినా గీతలు పెరుగుతూనే ఉన్నాయి కదా!”

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం ఆయనకు బాగా అలవాటు. “నోరు బాగా లేస్తోంది నీకు!” అని అరిచి కారు దిగాడు. అంత కోపంలోనూ తలుపు మాత్రం మెల్లగా వేశాడు. కారు కదా, పెళ్ళాం కాదు.

పాలిష్ మేస్త్రి భుజం మీద గుడ్డతో వచ్చాడు. డ్రైవరు వైపు తలుపు తీసి, చిన్న టార్చి వేసి లోపలికి వంగాడు. సన్నటి గీతలు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

“రోజూ తుడుస్తారా సార్?”

“రోజూ పొద్దున్నే. నా చేత్తో. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను.”

“పొడి గుడ్డతోనా?”

“పొడి గుడ్డే. తడి తగిలితే పాడవదూ?”

“పొడిగా రుద్దితే ఆ దుమ్మే గీస్తుంది సార్. ముందు మెత్తటి కుంచెతో దులిపి, ఆ తర్వాత కాస్త తడి గుడ్డతో ఊరికే అలా అద్దాలి. గట్టిగా రుద్దారో, ఇదిగో, ఇలా చుట్లు చుట్లుగా పడతాయి.”

ఆమె తల తిప్పి భర్తను చూసింది. చూపు చాలదనిపించి నోటితో కూడా అంది.

“విన్నారా?”

“ఏం వినాలి?” ఆయన మేస్త్రి మీదికి వెళ్ళాడు. “మీరు ఇక్కడున్నది పాలిష్ చెయ్యడానికా, మా ఆవిడ తరఫున వాదించడానికా?”

“అది కాదు సార్, అసలు ఈ పలక...”

“పలక సంగతి నాకు చెప్పకండి! బండి తెచ్చుకునే రోజు షోరూం వాళ్ళు లోపల అది సర్దుతాం, ఇది తీస్తాం అని చేతులు పెట్టబోతే ఒక్కణ్ణి దగ్గరికి రానివ్వలేదు. అంత జాగ్రత్త నాది. మిషను పెట్టి గీతలన్నీ పోగొట్టండి. పైన పల్చటి ప్లాస్టిక్ పొరేదో అంటిస్తారట కదా, అదీ వెయ్యండి. ఈవిడ చెయ్యి పడినా మళ్ళీ గీత పడకూడదు.”

ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఆ మాట అనేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“పొర వేస్తాను సార్,” అన్నాడు మేస్త్రి. “ముందు ఉన్నదాన్ని తియ్యనిస్తే.”

“ఉన్నదేమిటి?”

మేస్త్రి పలక మూలలో గోరు దూర్చి పైకి లేపాడు. చర్రుమంటూ పల్చటి ప్లాస్టిక్ పొర గీతలన్నిటినీ మోసుకుని ఊడి వచ్చింది. కింద పలక కొత్తగా నిగనిగలాడింది. మేస్త్రి భుజం మీదుగా తొంగిచూసి నోరు తెరుచుకున్న ఆయన మొహం అందులో స్పష్టంగా కనబడింది.

“కంపెనీలో అంటించి పంపుతారు సార్. బండి ఇచ్చేటప్పుడు షోరూం వాళ్ళు తీసేస్తారు. మీరు తియ్యనివ్వలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పాలిష్ అక్కర్లేదు, తీసుకెళ్ళండి.”

ఆయన పకపకా నవ్వేశాడు.

“చూశావా! ఒక్క గీత లేదు. నేను చెప్పలా, నా చేతిలో బండి పువ్వులా ఉంటుందని!”

“మరి నన్నన్న మాటలు?”

“ఏదో కోపంలో అన్నాను. గీతలే లేనప్పుడు ఇంకా గొడవేముంది?”

“అయితే తాళాలివ్వండి.”

“అప్పుడేనా? కొత్త పలక బయటపడింది, కొన్నాళ్ళు నేనే నడుపుతాను. అయినా...” తాళాలు వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ మేస్త్రి వైపు కన్నుగీటాడు. “ఒప్పుకుంటే ఇస్తానన్నాను. నువ్వు ఒప్పుకోలేదుగా!”

ఆమె పర్సు తెరిచింది. ఉంగరం తీసి వేలికి పెట్టుకుంది. కోపం చల్లారిందనుకుని ఆయన ముసిముసిగా నవ్వాడు.

ఆమె పిడికిలి బిగించి, ఉంగరం రాయిని ఆ నల్లటి పలక మీద ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా ఒక్క గీత లాగింది. పలక కీచుమంది. ఆ చెయ్యే ఆయన ముందుకు చాపింది.

“ఇది నేనే గీశాను. ఒప్పుకున్నాను, తాళాలివ్వండి.”