లాడం కింద గిట్ట

పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం కుంటుతోందని ఓబులేసు దాన్ని జమ్మలమడుగులో లాడాలు కొట్టే ఖాసింపీరా దగ్గరికి తోలుకొచ్చాడు. ముసలాయన దాని ముందుకాలు తొడ మీద పెట్టుకుని లాడం ఊడబెరికాడు. కుళ్లు వాసన గుప్పుమంది. గిట్ట సందుల్లోంచి నల్లటి చీము ఆయన పంచె మీద కారింది.

ఓబులేసు ముక్కు మూసుకున్నాడు. "కడిగేసి కొత్తది కొట్టు మామా. రేపు పులివెందలలో పెండ్లి. సిమెంటు రోడ్డు మీద టకటక సప్పుడు రాకుంటే వాళ్లు ఒప్పుకోరు."

"సప్పుడు కోసరం ఈ పుండులో మేకులు దిగ్గొట్టల్లా? లాడాల్లేకుండా మట్టినేలలో తిరగనీ. గిట్ట దానంతటదే గట్టిపడ్తాది. కుళ్లు మీద లాడమేసినోడు మనిషేనా? యాడ కొట్టించినావప్పా?"

"నీ దగ్గరే. వాసనొస్తాందంటే, లాడం పడితే అదే పోతాదంటివి."

ఖాసింపీరా తన చేతులు వాసన చూసుకున్నాడు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు. తర్వాత మిగతా మూడు లాడాలూ ఊడబెరికాడు.

"పెండ్లోళ్లకు ఏం చెప్పేది మామా?"

"గుర్రం రాదని చెప్పు. దాని కాలు ఖాసింపీరా కుళ్లబెట్టినాడని చెప్పు."