మార్జిన్‌లో జవాబు

ప్రూఫులు దిద్దే ఆవిడ ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూనే ఒక క్రైమ్ నవల దిద్దుతోంది.

"హంతకుడు పక్కగదిలో ఉన్నాడని ఆ పిల్లకి తెలుసే. వీధి తలుపు బార్లా తీసుంది. అయినా కదలకుండా కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటోంది. బుర్ర ఉండక్కర్లా?"

"నువ్వైతే ఏం చేస్తావక్కా?"

"నేనైతే ఎప్పుడో కాళ్లకు బుద్ధి చెప్పేదాన్ని."

నవల్లో ఆ పిల్ల స్వెట్టర్ అల్లుకునే వాక్యం పక్కన, మార్జిన్‌లో, ఎర్రపెన్నుతో "ఎందుకు పారిపోదు?" అని రచయితకు ప్రశ్న రాసింది. పెన్ను కొప్పులో దోపుకుంది. ఫోన్ చెవిన పెట్టుకునే వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది.

ప్రశ్న కింద పెన్సిలుతో జవాబు రాసి ఉంది. ఆ చేతిరాత ఆమెది కాదు.

"పారిపోయినవాళ్లెవరూ తలుపు దాకా చేరలేదు కనక."

గోడగడియారం చప్పుడు తప్ప ఇంట్లో అలికిడి లేదు. ఇందాక మూసి ఉన్న పడకగది తలుపు ఇప్పుడు బెత్తెడు తెరుచుకుని ఉంది. వీధి తలుపు నాలుగంటే నాలుగే అడుగుల దూరంలో ఉంది.

ఆవిడ రెండు తలుపుల వైపూ చూడలేదు. చప్పుడు కాకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమైందక్కా, పలకవేం?"

"ఏం లేదే," అంటూ ఆవిడ పేజీ తిప్పింది. "ఆ పిల్ల చేసిందే సబబు."