అడ్డుతెర

"ఇవాళ్టి నుంచి ఇటుపక్కది నాది, అటుపక్కది నీది" అంటూ అక్క అద్దాల షెడ్డుకి నడిమధ్యగా ప్లాస్టిక్ తెర లాగి, రెండు కొసలూ ఇనప స్తంభాలకి బిగించి కట్టేసింది.

మొక్కలు తడుపుతున్న చెల్లి నీళ్ళడబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి నడుపుతున్న నర్సరీ అది. నిన్న సాయంత్రం కూడా ఒకే బల్ల మీద కూర్చుని నారు సర్దారు.

"ఏమైందక్కా? నేనేమన్నాను?"

"నువ్వేం అనలేదు. కలిసి చేసింది చాలు. ఎవరి పని వాళ్ళం చూసుకుందాం."

"పొద్దున్నే ఎవరి మొహం చూశావక్కా?"

"షెడ్డు తలుపు తియ్యగానే నీదే కదా. అందుకే రోజు ఇలా ఏడిచింది."

చెల్లి నవ్వబోయి, అక్క నవ్వకపోవడం చూసి ఆగిపోయింది. ఆ ఉక్కలో కూడా అక్క మణికట్టు దాకా చేతులున్న చొక్కా తొడుక్కుంది. ఈ మధ్య వంగి కుండీ ఎత్తడం లేదు. స్టూలేసుక్కూర్చుని అన్నీ పురమాయిస్తోంది. యజమానురాలి పోకడలు వచ్చాయని చెల్లి లోలోపల చిన్నబుచ్చుకుంటూనే ఉంది. అయినా పైకి అనలేదు.

"ఎండన పడి వచ్చావు. ముందు కాసిని నీళ్ళు తాగు."

అక్క ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

"నా చేతి నీళ్ళు కూడా చేదయ్యాయా?"

"అయ్యాయనుకో."

చెల్లికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నీకేం కావాలో నోరు తెరిచి అడుగక్కా. షెడ్డంతా కావాలా? తీసుకో. కొనేవాళ్ళందర్నీ నీ దగ్గరికే పంపించనా? పంపిస్తాను. నా దగ్గరున్నది ఏదైనా సరే అడుగు. ఎందుకని కూడా అడగను."

అక్క మొహం పాలిపోయింది. "అదేనే నీతో వచ్చిన చిక్కు" అంది మెల్లిగా.

విసురుగా తెర సర్దబోతే దాని అంచు తగిలి బల్ల మీది కుండీ ఒకటి దొర్లి కిందపడి పగిలింది. చెల్లి కాలేజీలో చదివిన చదువుని మర్చిపోలేక, ఆ బల్ల మీద మొక్కలతో ఏవో ప్రయోగాలు చేసుకుంటూ ఉంటుంది. పగిలిన కుండీలోవి రెండు పొద్దుతిరుగుడు మొక్కలు. ఆమె నేల మీద చతికిలబడి, మట్టి విదిలించి వేళ్ళు చూపించింది.

"చూడు. ఇవి రెండూ ఒకే పువ్వు గింజలు. పక్కనున్నది తోబుట్టువని వేళ్ళకి తెలిసిపోతుంది. అందుకే ఎంత పొదుపుగా ముడుచుకున్నాయో చూడు. అదే పరాయిదైతే, ఈపాటికి కుండీ అంతా అల్లుకుపోయి ఉండేవి. నోరులేని మొక్కకి తెలిసింది నీకు తెలీలేదక్కా."

అక్క స్టూలు మీద కూర్చుంది. వేళ్ళ వైపే చూస్తూ, "అలా ముడుచుకుంటే దానికి నష్టం కాదూ?" అంది.

"నష్టమే. అయినా పక్కదాని కోసం వదులుకుంటుంది."

"వద్దంటే?"

"మొక్క మాట వింటుందా ఏమిటి?"

"తెలియకుండా చెయ్యలేమా? పక్కన ఉన్నది తన తోబుట్టువని?"

"చెయ్యొచ్చు. ఆ చివరి వరస కుండీల్లో అదే చేశాను. మధ్యలో అట్ట దించేశాను. ఇక పక్కన ఎవరున్నారో తెలీదు. దేనికది ఏ లోటూ లేకుండా పెరుగుతోంది."

"ఏ లోటూ లేకుండానా?"

"ఆఁ. ఎందుకూ?"

"ఊరికే." అక్క బల్ల పట్టుకుని లేచింది. "ఇక మా ఇంటికి రాకు. ఫోను చెయ్యకు. చేసినా ఎత్తను."

"నేనంటే అంత అసహ్యమా?"

అక్క ఆయాసపడుతూ వంగి, కిందపడ్డ రెండు మొక్కల్నీ తీసి చెరో కుండీలో నాటింది. పచ్చగా ఉన్నదాన్ని తెరకి అటు, చెల్లి వైపు పెట్టింది. చెప్పుల్లో పట్టని పాదాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు అక్క నర్సరీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రాకపోతే పోనీ, నేనేం తక్కువ తిన్నానా అనుకుంది చెల్లి. తెర అవతల మొక్కలు వాడిపోతుంటే మాత్రం చూడలేక, తెర కిందనుంచి చెయ్యి పెట్టి నీళ్ళు పోసింది. ఫోను చేతిలోకి తీసుకోవడం, చెయ్యొద్దంది కదా అని పెట్టెయ్యడం.

వారం తిరక్కుండా అక్క ఇంటి పొరుగావిడ, అక్కని ఆస్పత్రిలో చేర్చారంటూ పరిగెత్తుకొచ్చింది. చెల్లి మట్టి చేతులతోనే ఆస్పత్రికి పరిగెత్తింది. అప్పటికే అంతా అయిపోయింది.

వరండాలో నర్సు, అక్క చెప్పులూ పొడుగు చేతుల చొక్కా సర్దిన సంచీ పట్టుకుని వచ్చింది. "రెండు కిడ్నీలూ పోయి చాలాకాలమైంది కదమ్మా. చేతికి సూదులు గుచ్చి రక్తం శుద్ధి చేస్తుంటే, నీళ్ళు కూడా చుక్క చుక్క కొలుచుకుని తాగుతూ ఇన్నాళ్ళు లాక్కొచ్చారు. మీరు ఆవిడ దగ్గర పనిచేస్తారా?"

"చెల్లెల్ని" అంది ఆమె. "సొంత చెల్లెల్ని."

సంచీ ఇవ్వబోయిన నర్సు చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"చెల్లెలా? తోబుట్టువులుంటే కిడ్నీ సరిపోతుందేమో చూద్దాం, పిలిపించమని డాక్టరుగారు ఎన్నిసార్లు బతిమాలినా, నాకు తోడబుట్టినవాళ్ళే లేరని ఒట్టేసి మరీ చెప్పారమ్మా ఆవిడ!"