లోపలి ఫోటో

"కార్డు లేనిది లోపటికి పోనియ్య సార్," అన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ యాదయ్య.

"తణుకు నుంచి పది గంటలు బస్సులో కూర్చుని వచ్చామండీ, దీన్ని చూడ్డానికే," అన్నాడు చలపతిరావు, మెడలో కెమెరా సర్దుకుంటూ.

"చూడుర్రి. గీడికెల్లి మంచిగనే కనవడ్తది."

ఆదివారం. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి బిల్డింగు, దాని చుట్టూ బండరాళ్లు తప్ప మనిషి అలికిడి లేదు. ఆఫీసులో లీవు లెటర్ మీద 'సాంస్కృతిక యాత్ర' అని రాసి వచ్చాడు చలపతిరావు.

"చార్మినార్‌కి వెళ్దామంటే విన్నారా? గాజులన్నా వచ్చేవి," అంది అతని భార్య సత్యవేణి.

"చార్మినార్ ఫోటో మన వీధిలో ఎవరింట్లో లేదే? దీని లోపలి ఫోటో ఒక్క పక్కింటి మునిస్వామి ఇంట్లోనే ఉంది." యాదయ్య వైపు తిరిగాడు. "మా పక్కింటాయన్ని రానిచ్చారు కదండీ! ఫౌంటెన్ పక్కన నిలబడి దిగాడు. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు ఆ ఫోటోయే ఇస్తున్నాడు."

"లోపట ఫౌంటెన్ యాడిది సార్? అది కొత్తగూడ స్టూడియోల బొమ్మేసిన పర్ద. గేటు కాడికెల్లి వాపస్ పోయినోళ్లు ఆడనే దిగుతరు."

చలపతిరావు మొహం వెలిగిపోయింది. "విన్నావా? దొంగ ఫోటో! ఇక మనం లోపలికెళ్లి తీరాల్సిందే."

అరగంట బతిమాలాడు. యాదయ్య కదల్లేదు. ఇంతలో కారులో వచ్చిన మేనేజరు, ఎండలో పులిహోర డబ్బా పట్టుకుని నిలబడ్డ సత్యవేణిని చూసి జాలిపడ్డాడు.

"పది నిమిషాలు. యాదయ్యా, నువ్వే చూపించి తీసుకురా."

లోపల ఒక టేబులుంది. దాని మీద రిజిస్టరుంది. ఒక లిఫ్టు, పక్కన ప్లాస్టిక్ మొక్క. చలపతిరావు చుట్టూ రెండుసార్లు చూశాడు.

"ఇంతేనా?"

"గింతే సార్. లిఫ్టు కాడ నిలవడుర్రి, నేను గుంజుత," అని కెమెరా అందుకున్నాడు యాదయ్య. "అమ్మా, జర నవ్వుర్రి."

సత్యవేణి నవ్వింది. చలపతిరావు మాత్రం గబగబా వెళ్లి కెమెరా తీసుకుని మూత పెట్టేశాడు.

"అయ్యో, ఏమైందండీ?" అంది సత్యవేణి.

"పద, చెప్తా," అని ఆటో ఎక్కించాడు.

ఆటో కొత్తగూడలో ఫోటో స్టూడియో ముందు ఆగింది.

"గేటు కాడ ఆపిన్రా సార్? ఫికర్ జెయ్యకుర్రి," అంటూ స్టూడియో ఆయన ఫౌంటెన్ పరదా దించాడు.

"ఆపలేదండీ. లోపలంతా చూసే వచ్చాం," అంది సత్యవేణి ఉక్రోషంగా.

"మరి గీడికి ఎందుకొచ్చిన్రు?"

చలపతిరావు పరదా ముందు నిలబడి జుట్టు సర్దుకున్నాడు.

"లోపల ఫౌంటెన్ లేదండీ. ఫౌంటెన్ లేని ఫోటో చూపిస్తే మా వీధిలో మేం లోపలికి వెళ్లలేదనుకుంటారు!"